ఆన్‌లైన్ అమ్మకాల్లో అనుమానాస్పద రిఫండ్ అభ్యర్థనలు

ఆన్‌లైన్‌లో సరుకు కొన్నవారు డబ్బు వెనక్కి ఇవ్వమని కోరినప్పుడు, వారు చెప్పే కారణం గానీ కోరే తీరు గానీ ఆర్డరు, రవాణా, చెల్లింపుల రికార్డులతో పొసగకపోతే దాన్ని అనుమానాస్పద రిఫండ్ అభ్యర్థనగా పరిగణిస్తారు. అనుమానం కలిగిన ప్రతి అభ్యర్థనా మోసం కాదు. కొరియర్ పొరపాటు, ఇంట్లో మరొకరు పార్సిల్ తీసుకుని చెప్పకపోవడం, బ్యాంకు సందేశం ఆలస్యంగా రావడం వంటివి కూడా అనుమానానికి తావిస్తాయి. అందువల్ల పరిశీలన మనిషిని కాక లావాదేవీని పట్టుకుని సాగుతుంది. సొమ్ము నిజంగా వచ్చిందా, సరుకు చేరిందా, చేరిన సరుకే తిరిగి వచ్చిందా, రిఫండ్ పంపాల్సిన ఖాతా చెల్లించినవారిదేనా అనే నాలుగు ప్రశ్నలకు రికార్డుల నుంచి జవాబు రాబట్టడమే దీని నిర్వహణలో ముఖ్యాంశం.

ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశంలోని అమ్మకందారుల కోణంలో ఈ అంశాన్ని వివరిస్తుంది. విదేశాలకు సరుకు పంపే తెలుగు వ్యాపారులకు వర్తించే విషయాలు విడిగా ఉన్నాయి.

## పరిధి, పదజాలం

వాడుకలో కలగలిసిపోయే కొన్ని మాటలకు వ్యాపారంలో వేర్వేరు అర్థాలున్నాయి.

రిటర్న్ అంటే సరుకు వెనక్కి రావడం. రిఫండ్ అంటే సొమ్ము వెనక్కి వెళ్లడం. ఒకటి లేకుండా మరొకటి జరగవచ్చు. పచ్చళ్లు, మిఠాయిల వంటి సరుకులో లోపముంటే తిరిగి తెప్పించుకోకుండానే సొమ్ము ఇచ్చేస్తారు.

సరుకు చేతికందాక కొనుగోలుదారు వెనక్కి పంపితే దాన్ని కస్టమర్ రిటర్న్ అంటారు. చిరునామా దొరకకపోవడం వల్లో, తలుపు దగ్గరే తిరస్కరించడం వల్లో పార్సిల్ బయల్దేరిన చోటికి తిరిగొస్తే అది ఆర్‌టీవో (రిటర్న్ టు ఆరిజిన్). క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లలో ఆర్‌టీవో వల్ల అమ్మకందారుకు రవాణా ఖర్చు నష్టం రావచ్చు గానీ, సొమ్ము చేతికి రాలేదు కనుక రిఫండ్ ప్రశ్న రాదు.

ఛార్జ్‌బ్యాక్ అంటే కొనుగోలుదారు అమ్మకందారును అడగకుండా నేరుగా తన బ్యాంకు ద్వారా సొమ్మును వెనక్కి రప్పించుకోవడం. సరుకు అందుకుని కూడా అందలేదనో, తాను కొననే లేదనో బ్యాంకుకు చెప్పడాన్ని చెల్లింపుల రంగంలో ఫ్రెండ్లీ ఫ్రాడ్ అంటారు. ఇక్కడ మోసం చేసేది కార్డు దొంగ కాదు, అసలు కార్డుదారే.

## చరిత్ర

కంటికి కనబడని కొనుగోలుదారుకు దూరం నుంచి సరుకు అమ్మడం ఇంటర్నెట్‌తో మొదలైనది కాదు. అమెరికాలోని షికాగోలో మాంట్‌గోమరీ వార్డ్ సంస్థ 1872లో పోస్టు ద్వారా అమ్మకాలు ప్రారంభించి, 1875 నుంచి సరుకు నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తామని హామీ ఇచ్చింది. సరుకును ముందుగా చేత్తో పట్టి చూసే వీలులేని చోట ఈ హామీ నమ్మకానికి పునాది అయింది.

భారతదేశంలో 1877లో తపాలా శాఖ వీపీపీ (వాల్యూ పేయబుల్ పోస్ట్) పద్ధతిని ప్రవేశపెట్టింది. పార్సిల్ ఇచ్చేటప్పుడు పోస్ట్‌మ్యాన్ సొమ్ము వసూలు చేసి పంపినవారికి చేర్చే ఈ పద్ధతిలో పుస్తకాలు, మందులు ఊరూరికీ చేరాయి. వీపీపీ తిరస్కరిస్తే రానూపోనూ ఖర్చు పంపినవారి మీదే పడేది. నేటి ఆర్‌టీవో సమస్యకు అది తొలి రూపం.

కార్డు చెల్లింపుల్లో ఛార్జ్‌బ్యాక్‌కు చట్టబద్ధమైన పునాది అమెరికాలో 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టంతో పడింది. దొంగిలించిన కార్డులు, సరుకు పంపని వ్యాపారుల నుంచి వినియోగదారులను కాపాడటం దాని ఉద్దేశం. యూరోపియన్ యూనియన్ 1997 నాటి ఆదేశంతో దూరవిక్రయాల్లో కనీసం 7 పనిదినాల ఉపసంహరణ హక్కు కల్పించి, 2011 నాటి ఆదేశంతో దాన్ని 14 రోజులకు పెంచింది.

భారత్‌లో 2007లో ఫ్లిప్‌కార్ట్ మొదలైంది. 2010లో ఆ సంస్థ క్యాష్ ఆన్ డెలివరీని ప్రవేశపెట్టాక కార్డులేని కుటుంబాలు కూడా ఆన్‌లైన్ కొనుగోళ్లకు అలవాటుపడ్డాయి. 2013లో అమెజాన్ భారతీయ విభాగం వచ్చింది. 2016లో మొదలైన యూపీఐ వల్ల దుకాణం, వెబ్‌సైటు లేనివారు కూడా వాట్సాప్‌లో ఫొటో పెట్టి సరుకు అమ్మగలుగుతున్నారు. ఇలాంటి అమ్మకాల్లో మధ్యలో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ వంటి వేదిక ఉండదు. రిఫండ్ ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవాల్సింది అమ్మినవారే.

## రకాలు

### అందలేదనే ఫిర్యాదు

డెలివరీ అయినట్టు కొరియర్ రికార్డు చూపుతున్నా, పార్సిల్ రాలేదని కొనుగోలుదారు చెప్పడం తరచూ కనిపించే రకం. ఇందులో నిజమైన ఫిర్యాదులు కూడా ఎక్కువే. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర వదిలేసిన పార్సిళ్లు, డెలివరీ కాకుండానే అయినట్టు నమోదైనవి ఈ కోవలోకి వస్తాయి.

### ఖాళీ పెట్టె, లోపం ఫిర్యాదులు

పెట్టెలో సరుకు లేదని, వేరే సరుకు వచ్చిందని, పగిలిందని చెప్పి ఫొటో పంపుతారు. ఫొటో ఇంటర్నెట్‌లో దొరికినదో, మరో ఆర్డరుదో కావచ్చు. కృత్రిమ మేధ పనిముట్లతో పగుళ్లు, మరకలు ఉన్నట్టు చిత్రాలు తయారుచేయడం తేలికయ్యాక, ఒక్క ఫొటోను రుజువుగా తీసుకోవడం ప్రమాదకరమైంది.

### మార్చిన సరుకు రిటర్న్

అసలు సరుకు ఉంచుకుని, పాతదాన్నో నకిలీదాన్నో తిరిగి పంపుతారు. ఫోన్లు, చార్జర్లు, పట్టుచీరలు, బ్రాండెడ్ బూట్లలో ఇది కనిపిస్తుంది. సెట్టులో ఒక వస్తువు తీసుకుని మిగతావి పంపడం, పెట్టెలో బరువుకు సరిపడా వేరే వస్తువు పెట్టడం దీనిలోని ఉపరకాలు.

### వాడి తిరిగి పంపడం

పెళ్లికో ఫంక్షన్‌కో ఒకసారి కట్టుకుని, తొడుక్కుని, మర్నాడు సైజు సరిపోలేదంటూ రిటర్న్ పెట్టడం ఇందులోకి వస్తుంది. చాలామంది దీన్ని మోసంగా భావించరు. అమ్మకందారుకు మాత్రం ఆ సరుకు కొత్తదిగా మళ్లీ అమ్మడానికి పనికిరాదు.

### ఎక్కువ చెల్లించానంటూ వెనక్కి అడగడం

దీనిలో అసలు చెల్లింపే జరగదు. రూ.500 సరుకు అడిగిన వ్యక్తి కాసేపటికి ఫోన్ చేసి, తొందరలో ఒక సున్నా ఎక్కువ కొట్టి రూ.5,000 పంపానని, మిగతా రూ.4,500 వెంటనే తిరిగి పంపమని ప్రాధేయపడతాడు. అదే సమయానికి బ్యాంకు సందేశంలా కనిపించే ఎస్‌ఎంఎస్ ఒకటి వస్తుంది. అది బ్యాంకు నుంచి కాక ఒక మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చి ఉంటుంది. ఖాతా తెరిచి చూస్తే పైసా పడి ఉండదు. ఆసుపత్రిలో ఉన్నామని, ఫోన్ చార్జింగ్ అయిపోతోందని చెప్పే మాటల ఉద్దేశం అమ్మకందారు ఖాతా చూసుకునేలోపు సొమ్ము రాబట్టడమే. నకిలీ చెల్లింపు స్క్రీన్‌షాట్లు చూపడం కూడా ఈ రకానిదే.

డబ్బు అందాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కమనడం మరో రూపం. పాత వస్తువులు అమ్మేవారిని, సైనికోద్యోగులమని చెప్పుకునే వ్యక్తులు ఈ పద్ధతిలో మోసగించిన ఉదంతాలపై పోలీసులు పలుమార్లు హెచ్చరికలు జారీచేశారు. యూపీఐలో సొమ్ము అందుకోవడానికి పిన్ అవసరమే ఉండదు. పిన్ నొక్కడమంటే మన ఖాతా నుంచి సొమ్ము పంపడమే. డబ్బు అడుగుతూ పంపే కలెక్ట్ అభ్యర్థనల దుర్వినియోగాన్ని అరికట్టడానికి, వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్ని 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేయాలని భారత జాతీయ చెల్లింపుల సంస్థ బ్యాంకులను ఆదేశించింది.

### వేరే ఖాతాకు రిఫండ్

నిజంగానే సొమ్ము చెల్లించి, తర్వాత ఆర్డరు రద్దు చేసి, రిఫండును మరొకరి ఖాతాకో వాలెట్‌కో పంపమంటారు. దొంగిలించిన కార్డుతోనో, మోసంతో కాజేసిన సొమ్ముతోనో చెల్లించి, అమ్మకందారు చేతుల మీదుగా దాన్ని శుభ్రమైన సొమ్ముగా మార్చుకునే ప్రయత్నం దీని వెనుక ఉండవచ్చు. కొన్నాళ్లకు అసలు బాధితుల ఫిర్యాదుతో మొదటి చెల్లింపు కూడా వెనక్కి వెళ్లి, అమ్మకందారుకు రెండుసార్లు నష్టం జరుగుతుంది.

### రెండు దారుల్లో వసూలు

అమ్మకందారు నుంచి రిఫండ్ తీసుకుని, అదే లావాదేవీపై బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ కూడా వేయడం ఇందులోకి వస్తుంది. తెలియక రెండుచోట్లా ఫిర్యాదు చేసేవారూ ఉంటారు.

### బెదిరింపుతో పాక్షిక రిఫండ్

సరుకు ఉంచుకుంటాను, సగం డబ్బు ఇవ్వు, లేకపోతే ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చి చెడ్డ రివ్యూ రాస్తాను అని బేరం పెట్టడం. కొత్తగా మొదలుపెట్టిన చిన్న అమ్మకందారుల మీద దీని ప్రభావం ఎక్కువ.

### వ్యవస్థీకృత ముఠాలు

కమీషన్ తీసుకుని ఇతరుల తరఫున దొంగ రిఫండ్లు రాబట్టే ముఠాలు విదేశాల్లో పనిచేస్తున్నాయి. 2023 డిసెంబరులో అమెజాన్ సంస్థ రెక్ అనే పేరుతో నడిచిన అంతర్జాతీయ ముఠాపై అమెరికాలో దావా వేసింది. సరుకు కొనుగోలుదారుల దగ్గరే ఉంచి, తిరిగి వచ్చినట్టు రికార్డులు సృష్టించి సొమ్ము రాబట్టారన్నది ఆ దావాలోని ఆరోపణ.

## చెల్లింపు, రిఫండ్ వ్యవస్థ పనితీరు

కార్డుతో చెల్లించినప్పుడు సొమ్ము కార్డు ఇచ్చిన బ్యాంకు నుంచి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్క్ ద్వారా అమ్మకందారు బ్యాంకుకు, అక్కడి నుంచి వ్యాపారుల తరఫున చెల్లింపులు సేకరించే పేమెంట్ అగ్రిగేటర్ ద్వారా అమ్మకందారుకు చేరుతుంది. రిఫండ్ ఇదే దారిలో వెనక్కి నడుస్తుంది. పేమెంట్ అగ్రిగేటర్లపై రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కొనుగోలుదారు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప రిఫండ్ మొదట చెల్లించిన మార్గంలోనే వెళ్లాలి. అమ్మకందారుకు ఇది పెద్ద రక్షణ. రిఫండ్ వచ్చిన దారినే పోతే, దొంగ సొమ్మును మరో ఖాతాకు మళ్లించే వీలుండదు.

ఛార్జ్‌బ్యాక్ వచ్చినప్పుడు కొనుగోలుదారు బ్యాంకు కారణపు కోడ్‌తో సహా వివాదాన్ని నమోదు చేస్తుంది. వీసా కోడ్‌లలో 13.1 సరుకు అందలేదన్న వివాదానికి, 13.3 వర్ణించినట్టు లేదన్న వివాదానికి, 10.4 కార్డు ఎదురుగా లేని లావాదేవీలో మోసానికి సూచికలు. అమ్మకందారు నిర్ణీత గడువులో ఆధారాలు ఇవ్వకపోతే వివాదాన్ని అంగీకరించినట్టే లెక్క. వీసా 2023 ఏప్రిల్‌లో అమల్లోకి తెచ్చిన కొత్త నిబంధన ప్రకారం, అదే కొనుగోలుదారు గతంలో వివాదం లేకుండా జరిపిన కనీసం 2 కొనుగోళ్లలో ఐపీ చిరునామా లేదా పరికరం గుర్తింపుతో పాటు మరో వివరం సరిపోలితే, తాను కొనలేదన్న వాదనను అమ్మకందారు తిప్పికొట్టవచ్చు.

దేశీయ కార్డులతో ఆన్‌లైన్‌లో చెల్లించేటప్పుడు అదనపు ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు 2009లోనే తప్పనిసరి చేసింది. ఓటీపీతో జరిగిన చెల్లింపును తాను చేయలేదనడం కొనుగోలుదారుకు కష్టం. ఓటీపీ లేకుండా సాగే విదేశీ కార్డుల చెల్లింపుల్లో అమ్మకందారుకు ప్రమాదం ఎక్కువ.

క్యాష్ ఆన్ డెలివరీలో వెనక్కి నడిచే దారి ఉండదు కనుక కొనుగోలుదారు ఖాతా వివరాలు కొత్తగా తీసుకోవాలి. ఆర్డరులోని పేరు, ఖాతాదారు పేరు సరిపోలాయా అని చూడటం ఇక్కడ కీలకం.

## సూచికలు

ఏ ఒక్క సూచికా మోసాన్ని నిరూపించదు. పలు సూచికలు కలిసి కనిపిస్తే మరింత పరిశీలన అవసరమని అర్థం. సాధారణంగా గమనించేవి ఇవి:

- చెల్లించిన ఖాతాకు కాక వేరే ఖాతాకు, వేరే పేరుకు రిఫండ్ కోరడం
- సొమ్ము జమయ్యేలోపే రిఫండ్ అడగడం, గంటలోనే పంపాలని ఒత్తిడి చేయడం
- వేదికలోని చాట్ వదిలి ఫోన్‌లో, వాట్సాప్‌లో మాట్లాడదామనడం
- చెప్పే కారణం మారుతూ ఉండటం: మొదట అందలేదని, తర్వాత పగిలిందని చెప్పడం
- పార్సిల్ లేబుల్, బయటి పెట్టె కనిపించే ఫొటోలు అడిగితే పంపకపోవడం
- బిల్లింగ్ చిరునామా ఒక చోట, డెలివరీ మరో చోట ఉండి, ఖరీదైన సరుకును అత్యవసరంగా కోరడం
- ఒకే చిరునామా, ఫోన్ నంబరు నుంచి వేర్వేరు పేర్లతో పదేపదే రిఫండ్ అభ్యర్థనలు రావడం

కొత్త ఖాతా కావడం, మారుమూల ఊరు కావడం, తెలుగులోనో తప్పుల ఇంగ్లీషులోనో రాయడం అనుమానానికి కారణాలు కావు.

## నిర్వహణ పద్ధతి

### అమ్మకానికి ముందు

రిటర్న్, రిఫండ్ షరతులు కొనకముందే కనిపించాలి. ఎన్ని రోజుల్లో అడగాలి, ఏ సరుకుకు వర్తించదు, అన్‌బాక్సింగ్ వీడియో కావాలా, తిరుగు రవాణా ఖర్చు ఎవరిది అనేవి స్పష్టంగా రాయాలి. కొన్న తర్వాత కొత్త షరతు పెడితే వివాదంలో అది నిలవడం కష్టం.

### ప్యాకింగ్ దశ

సరుకును గుర్తుపట్టే వివరాలను పంపకముందే నమోదు చేస్తారు. ఫోన్ అయితే 15 అంకెల ఐఎంఈఐ నంబరును ఇన్వాయిస్ మీద రాస్తారు. చీర అయితే కొంగు, అంచు, మడతల ఫొటోలు తీసి, విప్పితే తెగిపోయే ట్యాగును పైకి కనిపించే చోట కడతారు. పట్టుచీరకు సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే దాని నంబరు రాసుకుంటారు. చేతితో కట్టి రంగులద్దిన పోచంపల్లి ఇక్కత్‌లో నమూనా అంచుల దగ్గర రంగు చెదిరే తీరు ఏ రెండు చీరల్లోనూ అచ్చంగా ఒకేలా ఉండదు. కొంగును దగ్గరగా తీసిన ఫొటో ఉంటే, తిరిగొచ్చిన చీర అదేనా కాదా అని పోల్చి చెప్పవచ్చు. చివరగా ప్యాకింగు, బరువు, కొరియర్ ట్రాకింగ్ (ఏడబ్ల్యూబీ) నంబరున్న లేబుల్ ఒకే వీడియోలో కనిపించేలా చిత్రీకరిస్తారు.

ఖరీదైన సరుకుకు ఓటీపీ డెలివరీ, కొరియర్ సిబ్బంది ఎదుటే పెట్టె తెరిచి చూపే ఓపెన్ బాక్స్ డెలివరీ వంటి ఏర్పాట్లు వివాదాన్ని మొదట్లోనే తగ్గిస్తాయి.

### అభ్యర్థన వచ్చినప్పుడు

1. ఫిర్యాదు అందినట్టు వెంటనే రాతపూర్వకంగా తెలపాలి. మాటలు ఫోన్‌లో జరిగినా, సారాంశాన్ని సందేశంగా పంపాలి.
2. సొమ్ము వచ్చిందా లేదా అన్నది బ్యాంకు యాప్‌లోనో స్టేట్‌మెంట్‌లోనో చూడాలి. స్క్రీన్‌షాట్, ఎస్‌ఎంఎస్ రుజువులు కావు.
3. కొరియర్ నుంచి డెలివరీ రుజువు తెప్పించాలి: తేదీ, సమయం, సంతకం లేదా ఓటీపీ, తూకం, డెలివరీ చోటు.
4. కొనుగోలుదారును నిర్దిష్టమైన ఆధారాలు అడగాలి: బయటి పెట్టె నాలుగు వైపులా, లేబుల్, లోపల వచ్చిన వస్తువు.
5. సరుకు తిరిగి తెప్పించుకుని పరిశీలించాకే రిఫండ్ ఇవ్వాలి. పాడయ్యే సరుకు, రవాణా ఖర్చుకన్నా తక్కువ ధర ఉన్నవి దీనికి మినహాయింపు.
6. రిటర్న్ పార్సిల్‌ను సీలు చెక్కుచెదరకుండా ఉన్నప్పటి నుంచి ఎక్కడా ఆపకుండా వీడియో తీస్తూ తెరవాలి.

జవాబులో మోసం, దొంగ వంటి మాటలు వాడకూడదు. రికార్డులో ఉన్నది చెప్పి, కావాల్సింది అడగాలి. ఉదాహరణకు: "నమస్తే అండి. మీ ఫిర్యాదు అందింది. ఈ పార్సిల్ 12వ తేదీ సాయంత్రం ఓటీపీతో అందినట్టు కొరియర్ రికార్డులో ఉంది. ఇంట్లో మరెవరైనా తీసుకున్నారేమో దయచేసి ఒకసారి కనుక్కోండి. కొరియర్‌వారితో కూడా విచారణ పెట్టాం. ఫలితం రాగానే మీకు రాస్తాం." నిజంగా నష్టపోయినవారికి ఈ జవాబు నొప్పి కలిగించదు. మోసం చేయదలచినవారికి రికార్డులు ఉన్నాయని తెలుపుతుంది.

### నిర్ణయం, చెల్లింపు

పరిశీలన నాలుగు విధాలుగా ముగియవచ్చు: పూర్తి రిఫండ్, పాక్షిక రిఫండ్, మార్పిడి, కారణాలతో తిరస్కరణ. రిఫండ్ ఇస్తే చెల్లించిన దారిలోనే పంపి, లావాదేవీ నంబరును కొనుగోలుదారుకు తెలపాలి. యూపీఐలో ఆర్‌ఆర్‌ఎన్ అనే 12 అంకెల రిఫరెన్సు నంబరుతో, కార్డుల్లో ఏఆర్‌ఎన్ అనే రిఫరెన్సు నంబరుతో సొమ్ము ఎక్కడుందో బ్యాంకులో కనుక్కోవచ్చు. ఛార్జ్‌బ్యాక్ అప్పటికే మొదలై ఉంటే విడిగా రిఫండ్ పంపకూడదు. ముందే రిఫండ్ పంపి ఉంటే, ఆ రుజువుతో ఛార్జ్‌బ్యాక్‌కు జవాబివ్వాలి.

తెలియని వ్యక్తి నుంచి నిజంగానే ఎక్కువ సొమ్ము పడితే, దాన్ని ఖర్చు పెట్టకుండా, చెప్పిన మరో నంబరుకు పంపకుండా తమ బ్యాంకుకు తెలియజేయాలి. పంపినవారిని కూడా వారి బ్యాంకులో ఫిర్యాదు చేయమనాలి. అది నేరంతో ముడిపడిన సొమ్మయితే దర్యాప్తులో భాగంగా అందుకున్నవారి ఖాతా కూడా స్తంభించే అవకాశం ఉంది.

### వేదికల ద్వారా అమ్మేవారు

వేదికల్లో రిఫండ్ నిర్ణయం చాలాసార్లు వేదికదే. తప్పుడు రిటర్న్ వచ్చినప్పుడు పరిహారం కోరడానికి అమెజాన్‌లో సేఫ్-టీ క్లెయిమ్, ఫ్లిప్‌కార్ట్‌లో ఎస్‌పీఎఫ్ క్లెయిమ్ వంటి ఏర్పాట్లున్నాయి. రిటర్న్ అందిన తర్వాత వీటికి గడువు పరిమితం. వచ్చిన పెట్టెలను తెరవకుండా గుట్టగా పెట్టే అమ్మకందారులు ఈ గడువు దాటిపోయి నష్టపోతారు.

## భారతీయ చట్టాలు

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఆన్‌లైన్ కొనుగోళ్లకూ వర్తిస్తుంది. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడాన్ని, బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో సొమ్ము తిరిగి ఇవ్వకపోవడాన్ని ఆ చట్టంలోని 2(47) సెక్షన్ అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" అని బిల్లు మీద అచ్చువేసినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో ఈ బాధ్యత తప్పదు.

2020 జులై 23న వెలువడిన ఈ-కామర్స్ నియమావళి ప్రకారం, లోపమున్న, నకిలీ అయిన, ప్రకటించినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి, రిఫండ్ ఇవ్వడానికి వేదికల్లోని అమ్మకందారు నిరాకరించకూడదు. చెప్పిన గడువు దాటి చేరిన సరుకుకూ ఇది వర్తిస్తుంది. అయితే ఆలస్యానికి ప్రకృతి వైపరీత్యం వంటి అనివార్య కారణం ఉంటే మినహాయింపు ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలో పరిష్కరించాలి. యూరప్‌లో లాగా, కేవలం మనసు మారిందని సరుకు తిప్పి పంపే సాధారణ హక్కును ఈ నియమావళి ఇవ్వలేదు. ఆ సౌకర్యం అమ్మకందారు, వేదిక పెట్టుకున్న షరతులను బట్టి ఉంటుంది.

మోసం చేసే కొనుగోలుదారు క్రిమినల్ చట్టాల పరిధిలోకి వస్తారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ మోసానికి వర్తిస్తుంది. మోసంతో ఆస్తిని రాబట్టుకుంటే 7 ఏళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు. కంప్యూటర్, ఫోన్ వంటి సాధనాలతో మరొకరిలా నటించి మోసగిస్తే సమాచార సాంకేతిక చట్టంలోని 66డి సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వీడియోలు, చాట్‌లు కోర్టులో సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం కావాలి. అందుకే అసలు ఫైళ్లను, తీసిన పరికరాన్ని భద్రపరచాలి.

## ఫిర్యాదు మార్గాలు

సొమ్ము పోయినట్టు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా కేంద్ర హోంశాఖ నిర్వహించే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేయాలి. సొమ్ము మోసగాడి ఖాతా నుంచి మరో ఖాతాకు దాటకముందే ఆపడానికి తొలి గంటలు కీలకం. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సైబర్ క్రైమ్ పోలీసు స్టేషన్లు ఈ కేసులను చూస్తాయి. సొంత బ్యాంకుకు, పేమెంట్ యాప్‌కు కూడా అదే సమయంలో తెలపాలి.

కొనుగోలుదారు ఇచ్చిన ఫోన్ నంబరు, చిరునామా, ఫొటోలను సోషల్ మీడియాలో పెట్టి మోసగాళ్లుగా ప్రచారం చేయడం పరిష్కార మార్గం కాదు. అనుమానం తప్పని తేలితే పరువునష్టం బాధ్యత అమ్మకందారు మీద పడుతుంది.

## విదేశీ కొనుగోలుదారులు

మంగళగిరి, గద్వాల, వెంకటగిరి చీరలు, పచ్చళ్లు, నగలు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోని తెలుగు కుటుంబాలకు నేరుగా పంపే వ్యాపారులకు కొన్ని అదనపు జాగ్రత్తలు అవసరం. పేపాల్‌లో కొనుగోలుదారు చెల్లించిన నాటి నుంచి 180 రోజుల వరకు వివాదం లేవనెత్తవచ్చు. 750 డాలర్లు, అంతకు మించిన పార్సిళ్లకు అమ్మకందారు రక్షణ దక్కాలంటే సంతకంతో కూడిన డెలివరీ రుజువు ఉండాలి. ట్రాకింగ్ లేని పార్సిల్‌కు రుజువు దాదాపు ఉండదు. బంధువుల చేతికిచ్చి పంపిన సరుకుకు చేరినట్టు ఒక సందేశమైనా రాయించుకోవాలి.

## పన్ను లెక్కలు

జీఎస్‌టీ నమోదున్న అమ్మకందారు సరుకు తిరిగి వచ్చినప్పుడు కేంద్ర జీఎస్‌టీ చట్టంలోని 34వ సెక్షన్ కింద క్రెడిట్ నోట్ ఇచ్చి, కట్టాల్సిన పన్నును తగ్గించుకోవచ్చు. దాన్ని ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30లోపు, లేదా వార్షిక రిటర్ను దాఖలు తేదీలోపు, ఏది ముందైతే ఆ లోగా రిటర్నుల్లో చూపాలి. వేదికలు 52వ సెక్షన్ కింద అమ్మకందారుల నుంచి మూలంలోనే వసూలు చేసే పన్ను (టీసీఎస్)ను తిరిగొచ్చిన సరుకు విలువ తీసివేసిన నికర అమ్మకాలపైనే లెక్కిస్తారు. 2024 జులై 10 నుంచి దీని రేటు 0.5 శాతం. క్రెడిట్ నోట్ లేని రిఫండ్ లెక్కల్లో అమ్మకంగానే మిగిలి, రాని సొమ్ము మీద పన్ను పడుతుంది.

## ప్రాముఖ్యం, విమర్శలు

అమెరికాలోని జాతీయ రిటైల్ సమాఖ్య 2023 అంచనా ప్రకారం, ఆ ఏడాది అక్కడ వెనక్కి వచ్చిన సరుకు విలువ 743 బిలియన్ డాలర్లు. అందులో సుమారు 101 బిలియన్ డాలర్ల మేర మోసపూరితమైనవి. ఈ నష్టం చివరికి ధరల రూపంలో నిజాయతీగా కొనేవారి మీదే పడుతుంది.

ఈ అంశంపై విమర్శలు రెండు వైపుల నుంచీ ఉన్నాయి. వేదికలు కొనుగోలుదారులను నిలుపుకోవడానికి రిటర్న్‌లను అతిగా సులువు చేసి, భారాన్ని అమ్మకందారుల మీద వేస్తున్నాయని, రిటర్న్ తీసుకునేటప్పుడు కొరియర్ సిబ్బంది లోపలి సరుకును సరిగా చూడటం లేదని వ్యాపారుల ఆరోపణ. మోసాల పేరు చెప్పి నిజమైన ఫిర్యాదులను కూడా తిరస్కరిస్తున్నారని, అన్‌బాక్సింగ్ వీడియో తీయడం తెలియని పెద్దవారు నష్టపోతున్నారని వినియోగదారుల పక్షాన పనిచేసేవారి వాదన. యంత్రాల లెక్కతో కొనుగోలుదారులను అనుమానితులుగా గుర్తించే పద్ధతుల్లో కారణం చెప్పకపోవడం, సవాలు చేసే దారి లేకపోవడం కూడా చర్చనీయాంశాలే.

రెండు వాదనలూ రుజువు దగ్గరే కలుస్తాయి. సరుకు పంపకముందే తయారుచేసుకున్న రికార్డు అమ్మకందారును మోసం నుంచి, కొనుగోలుదారును అన్యాయపు తిరస్కరణ నుంచి ఒకేలా కాపాడుతుంది. అభ్యర్థన అందినప్పుడు ముందు ఖాతా చూడాలి, తర్వాత సరుకు చూడాలి, ఆ తర్వాతే సొమ్ము పంపాలి. పంపేది ఎప్పుడైనా చెల్లించిన ఖాతాకే పంపాలి.